నిదానం బస్సు వెనకాల

ఒకప్పుడు రోడ్డు మీద పరిగెత్తేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సు నడిపినవాణ్ణి. ఆదివారం పొద్దున్నే పెద్ద రోడ్లన్నీ మూసేసి, రంగురంగుల బనీన్లు తొడుక్కుని వేలమంది పరిగెడుతుంటే, ఇరుకు సందుల్లోంచి అంత పొడుగు బస్సు తిప్పుకుని వెళ్ళాల్సిన నాలాంటివాడికి ఎలా ఉంటుంది చెప్పండి? "వీళ్ళకేం పనీపాటా లేదా, హాయిగా ఇంట్లో పడుకోక!" అని హారన్ మీంచి చెయ్యి తీసేవాణ్ణి కాదు. ఇప్పుడు ఆ వేలమందిలో నేనూ ఒకణ్ణి. నన్ను తిట్టుకుంటూ ఇప్పుడు ఎవరు హారన్ కొడుతున్నారో తెలియదు కానీ, వాళ్ళ మీద నాకు కోపం లేదు.

డిపోలో నన్ను గడియారం అని పిలుస్తారు. ఐదు నలభైకి మొదటి ట్రిప్పు అంటే ఐదు నలభైకే నా బస్సు గేటు దాటేది. తొమ్మిదేళ్ళుగా నా బస్సుకి కండక్టరు ఒక్కరే, అక్క. తోడబుట్టిన అక్క కాదు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి అక్క. పొద్దున మొదటి ట్రిప్పులో నాతో పెట్టుకున్న గొడవను సాయంత్రం డిపోకి చేరేదాకా సాగదీసేది. ఆవిడ లేని రోజు నాకు డ్యూటీ చేసినట్టే ఉండేది కాదు.

నిరుడు ఒక రోజు నిద్ర లేవడం ఆలస్యమైంది. ఆలస్యమంటే నాకు చావుతో సమానం. ఏమీ తినకుండా షుగరు మాత్ర ఒక్కటే వేసుకుని డ్యూటీకి పరిగెత్తాను. మూడో ట్రిప్పులో, రైలు వంతెన దిగుతుండగా కళ్ళ ముందు అంతా తెల్లగా అయిపోయింది. ఆ తర్వాత జరిగింది నాకు గుర్తులేదు, నలుగురూ చెబితే తెలిసిందే. అక్క టిక్కెట్లు కొడుతున్నదల్లా వదిలేసి, మనుషుల్ని తోసుకుంటూ ముందుకు వచ్చి హ్యాండ్‌బ్రేకు లాగిందట. బస్సు డివైడరును గీసుకుంటూ పోయి కరెంటు స్తంభానికి జానెడు దూరంలో ఆగిందట. బస్సులో ముప్పై ఒక్కమంది. ఒకాయనకు ముందు సీటు కొట్టుకుని ముక్కు వాచింది. అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు.

తెలివి వచ్చాక నేను చేసిన మొదటి పని చెప్పుకోవాలంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. "అక్కా, బ్రేకు పట్టలేదని రాయి" అన్నాను. ఆవిడ నా చేతిలో నీళ్ళసీసా పెట్టి "ముందు తాగు" అంది. రిపోర్టులో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసింది. డ్రైవరు స్పృహ తప్పాడు అని.

నన్ను స్టీరింగు మీంచి దింపేశారు. డిపో గేటు దగ్గర ఒక కుర్చీ, ఒక పుస్తకం. వచ్చే బస్సు నంబరు, పోయే బస్సు నంబరు రాసుకోవడం. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినవాడు బస్సుల నంబర్లు రాసుకుంటూ కూర్చుంటే ఆ కుర్చీ ముళ్ళకుర్చీలా ఉంటుంది. నా పొట్ట కొట్టింది అక్కేనని నిర్ణయించేసుకున్నాను. గేటు దాటుతూ కిటికీలోంచి "ఎలా ఉన్నావు తమ్ముడూ?" అని ఆవిడ అడిగితే, నంబరు రాసుకుంటున్నవాడిలా తల వంచుకునేవాణ్ణి. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, పదకొండు నెలలు అలాగే చేశాను. మొండితనంలో నాకు మొదటి బహుమతి ఇవ్వొచ్చు.

పరుగు ఎలా మొదలైందంటే, డిపో డాక్టరమ్మ వల్ల. "మాత్రలతో పాటు కాళ్ళు కూడా వాడండి, అవి క్లచ్చు తొక్కడానికి మాత్రమే కాదు" అంది. నడక మొదలుపెట్టాను. నాలుగు నెలలకు నడక కాస్తా చిన్న పరుగైంది. మా ఆవిడ అచ్చాఫీసులో బైండింగు పని చేస్తుంది. ఒక సాయంత్రం ఏదో కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "పరుగు పందెం నంబర్లు మా దగ్గరే అచ్చవుతున్నాయి. మీరూ ఒకటి తగిలించుకోండి. ఇంట్లో కూర్చుని అక్క మీద పళ్ళు నూరడం కంటే నయం" అంది.

మొదటిది ఐదు కిలోమీటర్లు. నాలుగు పిన్నీసులతో చొక్కాకి నంబరు తగిలించుకుని, కుర్రకారు పక్కన నిలబడి, ఈల వేయగానే వాళ్ళతో సమానంగా దూసుకుపోయాను. ఒక కిలోమీటరు కూడా కాలేదు, గుండె గొంతులోకి వచ్చి కూర్చుంది. ఫుట్‌పాత్ అంచున కూలబడ్డాను. ఎవరో ఒకావిడ, నా వయసుదే, ఆగి తన చేతిలోని అరటిపండు విరిచి సగం నాకిచ్చింది. "మొదటిసారా? నేనూ ఇలాగే కూర్చున్నాను, సరిగ్గా ఇంత దూరంలోనే. లేవండి, నడుద్దాం" అంది. ఆవిడ ఎవరో, ఏ పని చేస్తుందో ఈ రోజుకీ తెలియదు. తన టైము పాడుచేసుకుని నాతో పాటు ఒక కిలోమీటరు నడిచింది. ఎదురొస్తే గుర్తుపట్టలేను కూడా. ఆవిడ చల్లగా ఉండాలి.

రెండోది పది కిలోమీటర్లు. కొత్త బూట్లు వేసుకుని వెళ్ళాను, పెళ్ళికి వెళ్తున్నట్టు. పందెం రోజున కొత్త బూట్లు వేసుకోకూడదని పరిగెత్తేవాళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసట, నాకెవరూ చెప్పలేదు. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. అందరికంటే చివర వచ్చాను. నేను చేరేసరికి రోడ్డూడ్చే ఆడవాళ్ళు కాగితం గ్లాసులు ఊడుస్తున్నారు. నన్ను చూసి చీపుళ్ళు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. వెక్కిరిస్తున్నారేమోనని మొదట మొహం మాడ్చుకున్నాను. కాదు. ఒకామె నా మోచెయ్యి పట్టుకుని గీత దాకా నడిపించింది. అంతమంది పట్టించుకునేటంత గొప్ప పని నేనేం చేశాను?

మూడోది ఇరవై ఒక్క కిలోమీటర్లు. మూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలి. ఆ లెక్కకి సరిపడే వేగంతో అందరి వెనకా ఒక బస్సు వస్తుంది. అది ఎవరిని దాటితే వాళ్ళ పని అయిపోయినట్టే, ఎక్కి కూర్చోవాలి. దాన్ని ఆఖరి బస్సు అంటారు. పదహారో కిలోమీటరు దగ్గర అది నన్ను దాటింది. ఎక్కి కూర్చుని, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఏడ్చిన డ్రైవరు నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ మధ్యే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి "ఇక బస్సు నడపొచ్చు" అని సంతకం పెట్టింది. డిపో మేనేజరు పిలిచి అడిగాడు. "స్టీరింగు తీసుకుంటావా, లేక గేటు దగ్గరే శాశ్వతంగా ఉంటావా? సోమవారం చెప్పాలి." ఎగిరి గంతేయాలి కదా? ఆ రోజు మధ్యాహ్నం డిపోలో ఖాళీగా ఉన్న బస్సెక్కి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఇంజను స్టార్టు చెయ్యలేదు. ఊరికే స్టీరింగు పట్టుకున్నాను, అంతే. వెనక ముప్పై ఒక్కమంది కూర్చున్నట్టే అనిపించి, గబుక్కున దిగేశాను. డాక్టరమ్మకు నా ఒంటి మీద నమ్మకం కుదిరింది, నాకు కుదరలేదు.

అందుకని నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. ఆదివారం ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం ఉంది. ఆఖరి బస్సుకి దొరక్కుండా పూర్తి చేస్తే స్టీరింగు, లేకపోతే గేటు.

"ఆ రెంటికీ సంబంధం ఏమిటండీ?" అంది మా ఆవిడ.

"నీకు తెలీదులే."

"మీకు మాత్రం తెలిసి ఏడిసిందా?" అంది. కానీ ఆదివారం పొద్దున నాలుగింటికి లేచి రొట్టె కాల్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

మొదలుపెట్టే చోట ఆఖరి బస్సు నిలబడి ఉంది. మా డిపోదే. స్టీరింగు మీద నిదానం. అతనికి ఆ పేరు ఊరికే రాలేదు, సైకిళ్ళు కూడా అతని బస్సును దాటిపోతాయి. నన్ను చూసి తల బయటపెట్టాడు. "బావా! నీకోసం కిటికీ సీటు ఉంచమంటావా?"

"నోర్ముయ్ బావా" అన్నాను.

వెనక మెట్టు మీద అక్క నిలబడి ఉంది. అలసినవాళ్ళను ఎక్కించుకోవడానికి ఆవిణ్ణి వేశారు. నన్ను చూసి నోరు తెరవబోయింది. నేను వంగి బూటు తాడు బిగించుకున్నాను. అది అప్పటికే బిగించి ఉంది.

పద్నాలుగో కిలోమీటరు దాకా అంతా బాగానే సాగింది. ఆఖరి బస్సు పది నిమిషాల వెనక ఉంది. పరిగెత్తిన దారంతా నేను రోజూ నడిపిన దారే. బస్సులో రెండో గేరు వేస్తే సరిపోయే ఎత్తు కాళ్ళకు ఇంత ఎత్తా అని ఆశ్చర్యపోతూ, బల్లల దగ్గర నీళ్ళందించినవాళ్ళందరికీ దణ్ణం పెడుతూ వెళ్తున్నాను. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. ఇంతకీ ఏం చేశానో తెలుసా? పూలమార్కెట్టు సర్కిల్లో పందెం నేరుగా వెళ్ళాలి. రోడ్డు మీద సున్నంతో ఇంతలావు బాణం గీశారు. నా రూటు బస్సు మాత్రం అక్కడ ఎడమకు తిరుగుతుంది. ఇరవై రెండేళ్ళు, రోజుకు పన్నెండుసార్లు ఆ సర్కిల్లో ఎడమకు తిరిగినవాణ్ణి. కాళ్ళు వాటంతట అవే ఎడమకు తిరిగాయి. నిజం చెప్పాలంటే చెయ్యి కూడా చూపించాను, వెనక వచ్చే బండ్లకు.

ఆరువందల మీటర్లు వెళ్ళాక పెట్రోలు బంకు స్టాపు వచ్చింది. అలవాటు కొద్దీ అక్కడ కాస్త నెమ్మదించాను కూడా. స్టాపులో ఒక ముసలామె సంచీ పట్టుకుని కూర్చుని ఉంది.

"బస్సెప్పుడొస్తుంది నాయనా?"

"తొమ్మిదింటి దాకా రాదమ్మా. పరుగు పందెం ఉంది, అటు రోడ్డు మూసేశారు" అన్నాను, డ్యూటీలో ఉన్నవాడిలా.

ఆమె నా నంబరు చూసింది, నా మొహం చూసింది. "పరిగెత్తేవాళ్ళంతా అటే పోతుంటే నువ్వొక్కడివే ఇటొచ్చావేం నాయనా?"

ఓరి నాయనో! వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాను. ఎవరిని తిట్టుకోవాలో కూడా తెలియలేదు. తిట్టుకోవడానికి నేనొక్కణ్ణే దొరికాను. సర్కిల్ దగ్గరికి చేరేసరికి పన్నెండు నిమిషాలు పోయాయి. రెండువందల మీటర్ల ముందు, వంతెన వైపు, ఆఖరి బస్సు వెనక అద్దం కనిపించింది. అది నన్ను దాటలేదు. నేనే దాని వెనక్కి వెళ్ళిపోయాను. పోలీసాయన రోడ్డుకి అడ్డంగా పెట్టిన కంచెలు అప్పటికే తీసేస్తున్నాడు.

"ఇక ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ వెళ్ళిపోండి సార్, మీది అయిపోయింది" అన్నాడు.

"అది నిదానం బస్సు సార్! అందుకుంటాను" అన్నాను. ఆయనకేం అర్థమైందో ఏమో, కంచె పక్కకి జరిపి నన్ను పోనిచ్చాడు. ఆయనకూ ఒక దణ్ణం.

నా బస్సు వెనక ఎంతమంది ఇలా పరిగెత్తి ఉంటారో! అద్దంలో చూసేవాణ్ణి. చెయ్యి ఊపుతూ, సంచీ ఎగురుతూ, నోరు తెరుచుకుని వచ్చేవాళ్ళు. టైమంటే టైమని గేరు మార్చేవాణ్ణి. ఇప్పుడు ఆ అద్దంలో నేనున్నాను. రెండువందల మీటర్లు వంద అయింది, వంద కాస్తా యాభై అయింది. అక్కడితో కాళ్ళు మొరాయించాయి. పదిహేడో కిలోమీటరు. వంతెన ఎత్తు. తొడలు రాళ్ళయిపోయాయి. బస్సు మనిషి నడకంత వేగంతోనే పోతోంది, నాకు అది కూడా అందడం లేదు. నా బతుకు గేటు దగ్గరే అని మనసులో ఒప్పేసుకున్నాను.

అప్పుడు బస్సులో ఎక్కినవాళ్ళు నన్ను చూశారు. బూట్లు విప్పేసి, మొహాలు వేలాడేసుకుని కూర్చున్నవాళ్ళు. ఒక్కొక్కరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. "రండి! రండి సార్! అంతే, ఇంకొంచెం!" తమది అయిపోయినా నాది అయిపోకూడదని గొంతు చించుకుని అరిచారు. మా డిపోలో ఎవరైనా నాకోసం అలా అరుస్తారా అనుకున్నాను.

ఇంతలో బెల్లు మోగింది. ఒక్కటే.

మా పనిలో ఒక బెల్లు అంటే ఆగు, రెండు బెల్లులంటే కదులు. కండక్టరు రెండు బెల్లులు కొట్టకుండా బండి కదపడం మాకు చేతకాదు. పైవాడే దిగివచ్చి చెప్పినా మా కాలు క్లచ్చు మీంచి లేవదు. నిదానం ఠక్కున బ్రేకు వేశాడు. ముందు సీట్లోంచి పందెం నడిపేవాళ్ళ మనిషి ఒకడు లేచి అరవడం వినిపించింది. "ఆపారేంటండీ? ఇక్కడ ఆపకూడదు! పోనివ్వండి!"

"కండక్టరు బెల్లు కొట్టాలి సార్" అన్నాడు నిదానం, చేతులు కట్టుకుని.

"ఏమ్మా, ఎందుకు ఆపావు?"

"ఎక్కేవాళ్ళు వస్తున్నారు సార్. ఎక్కించుకోవడానికే కదా నన్ను వేసింది" అంది అక్క, వెనక మెట్టు మీదికి దిగి.

ఆ యాభై మీటర్లూ ఎలా వెళ్ళానో నాకు తెలియదు. మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చెయ్యి నా వైపు చాచింది. "ఎక్కుతావా తమ్ముడూ?"

పదకొండు నెలల తర్వాత ఆవిడ మొహం సూటిగా చూశాను. "ఎక్కను అక్కా" అన్నాను. ఊపిరి లేక సగం మాట నోట్లోనే ఉండిపోయింది.

"అయితే నిలబడ్డావేం? పో!"

పోయాను. బస్సు పక్కనుంచి, కిటికీల కిందనుంచి, నా వీపు మీద చరుస్తున్న చేతుల కిందనుంచి, నిదానం అద్దం పక్కనుంచి. ముందు బంపరు దాటి పదడుగులు వేశాక వెనక రెండు బెల్లులు వినిపించాయి. ఆ తర్వాతి నాలుగు కిలోమీటర్లూ ఇంజను మోత వీపు మీద వింటూనే పరిగెత్తాను. నొప్పి తెలియలేదని అబద్ధం చెప్పను, అడుగడుగునా తెలిసింది. పందెం ముగిసే మైదానం గేటు తొమ్మిదింటికి మూస్తారు. ఎనిమిది యాభై ఎనిమిదికి గీత దాటాను. మా ఆవిడ అక్కడే ఉంది. నన్ను పట్టుకుని "రంగు తిరిగిపోయింది మీకు, కూర్చోండి" అని తిడుతూ, ఏడుస్తూ, నోట్లో అరటిపండు కుక్కింది.

తిని, నీళ్ళు తాగి, కాళ్ళు నిలబడ్డాక లేచాను. ఆఖరి బస్సు మైదానం చివర ఆగి ఉంది. అక్క మెట్టు దగ్గర నిలబడి, దిగేవాళ్ళ బూట్లు వాళ్ళకు అందిస్తోంది. అందరూ దిగేదాకా ఆగాను.

"అక్కా" అన్నాను. "ఆ రోజు నువ్వు బ్రేకు లాగకపోతే ముప్పై ఒక్కమంది ఇళ్ళకు చేరేవాళ్ళు కాదు. నేనూ చేరేవాణ్ణి కాదు. నువ్వు నిజం రాయకపోతే నేను మళ్ళీ మాత్ర మింగి ఖాళీ కడుపుతో స్టీరింగు పట్టుకునేవాణ్ణి. నీకు దణ్ణం పెట్టాల్సిందిపోయి మొహం తిప్పుకున్నాను. నన్ను క్షమించు."

ఆవిడ చేతిలో మిగిలిన బూటును మెట్టు మీద పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. "ఈ ముక్క చెప్పడానికి పదకొండు నెలలా! నీకు గడియారం అని పేరు పెట్టినవాణ్ణి తన్నాలి" అంది.

నవ్వొచ్చింది, కానీ అడగాల్సింది ఇంకా ఉంది. పరుగు పూర్తయింది, షరతు గెలిచాను. అయినా లోపల భయం ఉన్నచోటే ఉంది. అప్పుడు తెలిసింది, నేను అడగాల్సింది నా కాళ్ళను కాదు, ఈ మనిషిని.

"రేపు మేనేజరుకి చెప్పాలి. నేను నడిపితే నువ్వు ఎక్కుతావా?"

ఆవిడ నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూసి, ఆ తర్వాతే జవాబు చెప్పింది. అందుకే ఆ జవాబు మీద నాకు నమ్మకం కుదిరింది.

"ఎక్కుతాను. కానీ తిన్నావా లేదా అని రోజూ అడుగుతా. తినలేదంటే రెండో బెల్లు కొట్టను, టైమైపోయినా సరే. మళ్ళీ కళ్ళు తిరిగితే మళ్ళీ రాస్తా. చెప్పలేదనొద్దు."

"రాయి అక్కా" అన్నాను. "ఉన్నది ఉన్నట్టు రాయి."